సైకిల్ టైరు మీది అంకెల్లో దేన్ని నమ్మాలి?

టైరు అరిగిపోయింది, కొత్తది కొనాలి. పాతదాని మీద 26 అని ఉంది, కొత్తదాని మీదా 26 అనే ఉంది. తీరా ఎక్కించబోతే ఎంత లాగినా అంచు రిమ్ము దాటి లోపలికి రాదు. లేదా ఇట్టే ఎక్కేసి, గాలి కొట్టగానే ఒక పక్కకి జారి బయటికొచ్చేస్తుంది. తప్పు మీ చేతిలో లేదు. 26 అంగుళాలు అని రాసుకునే టైర్లు కనీసం ఐదు రకాలున్నాయి. ఒకదాని రిమ్ముకి ఇంకోటి పట్టదు. 28 దగ్గరా ఇదే తంతు, 20 దగ్గరా ఇదే. వీటికి తోడు 700సి, 650బి, 27.5, 29 అనే పేర్లు కూడా చేరేసరికి ఏది దేనికి సరిపోతుందో తెలియక చాలామంది పాత టైరు పట్టుకెళ్లి చూపించడంతో సరిపెట్టుకుంటారు.

అంత అవసరం లేదు. ఈ అంకెల గుంపులో ఒక్కటి మాత్రం ఎప్పుడూ నిజం చెబుతుంది. దాన్ని గుర్తుపట్టడం వస్తే మిగతావన్నీ పేర్లుగా మిగిలిపోతాయి.

ముందు టైరు తుడిచి చూడండి

తడిగుడ్డతో టైరు సైడు భాగాన్ని చుట్టూ తుడవండి. పెద్దక్షరాల్లో కనిపించే కంపెనీ పేరు, మోడల్ పేరు వదిలేయండి. రంగు వేసి ముద్రించిన అంకెలతో పాటు, రబ్బరులోనే ఉబ్బెత్తుగా అచ్చు పోసిన చిన్న అంకెలు కూడా ఉంటాయి. నల్ల మీద నలుపు కాబట్టి నేరుగా చూస్తే కనబడవు. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే నీడ పడి పైకి తేలతాయి. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే ఇంకా సులువు.

మీరు వెతకాల్సింది మధ్యలో చిన్న అడ్డగీత ఉన్న జంట: 37-622, 47-559, 40-635, 50-406 ఇలా. గీతకి ముందు రెండంకెలు, తర్వాత మూడంకెలు. యూరప్‌లోని టైర్లు, రిమ్ముల సాంకేతిక సంస్థ ఈటీఆర్‌టీఓ ఖాయం చేసిన పద్ధతి ఇది. ఐఎస్‌ఓ 5775 అనే అంతర్జాతీయ ప్రమాణంలోనూ ఇదే ఉంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే.

ఆ రెండో అంకెని ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి. పాత టైరు మీద 622 ఉంటే కొత్త టైరు మీదా 622 ఉండాలి. 620 అయినా, 625 అయినా అది మీది కాదు. మొదటి అంకె అలా కాదు, కొంత అటూ ఇటూ కావచ్చు. ఎంతవరకో తర్వాత చెబుతాను.

ఆ మూడంకెలకి ఎందుకంత పట్టు

టైరు రెండు అంచుల లోపలా గట్టి చుట్టు ఒకటి ఉంటుంది. మామూలు టైర్లలో ఉక్కు తీగ, మడత పెట్టుకునే టైర్లలో కెవ్లార్ లాంటి పీచు. దీన్నే బీడ్ అంటారు. రబ్బరు సాగుతుంది కానీ బీడ్ సాగదు, సాగకూడదు కూడా. లోపల ట్యూబు ఎంత బలంగా తోసినా టైరు రిమ్ము మీద నిలబడుతున్నది ఆ చుట్టు వల్లే. గాజు లాంటిదనుకోండి: చేతికి సరిపడే సైజు కాకపోతే బిగుసుకుపోతుంది, లేదా జారిపోతుంది. మధ్యేమార్గం లేదు.

అందులోనూ జారిపోయేదే ఎక్కువ ప్రమాదం. బిగుతైన టైరు అసలు ఎక్కదు కాబట్టి దానితో పోయేది సమయమే. 27 × 1¼ అని ఉన్న టైరు బీడ్ వ్యాసం 630. దాన్ని 622 రిమ్ముకి వేస్తే తేడా 8 మిల్లీమీటర్లే, కాబట్టి హాయిగా ఎక్కుతుంది. కానీ చుట్టుకొలతలో ఆ తేడా 25 మిల్లీమీటర్లు. కొద్దిపాటి గాలితో బాగానే ఉన్నట్టు కనబడుతుంది. పూర్తిగా గాలి నింపాక అంచు ఒకచోట లేచి, ట్యూబు బయటికి పొంగి పెద్ద చప్పుడుతో పేలుతుంది. అది రోడ్డు మీద వాలులో జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. టైరు అనుమానం వచ్చేంత తేలిగ్గా ఎక్కేసిందంటే సంతోషించకండి, మళ్లీ అంకెలు చూడండి.

26 అనే పేరు ఐదుగురికి ఎలా వచ్చింది

అంగుళాల పేర్లు అబద్ధాలేమీ కావు. పుట్టినప్పుడు ప్రతిదీ నిజమే. అప్పట్లో కొలిచింది రిమ్ముని కాదు, గాలి నిండిన టైరు బయటి వ్యాసాన్ని. చక్రం మొత్తం ఎంత పెద్దదో చెప్పడమే ఆ పేరు పని. సన్న టైరు వేస్తే రిమ్ము పెద్దది కావాలి, లావు టైరు వేస్తే రిమ్ము చిన్నదైనా చాలు. బయటి కొలత మాత్రం ఒకటే.

కాగితం మీద వేసి చూడండి. 26 అంగుళాలంటే 660 మిల్లీమీటర్లు. టైరు ఎత్తు సుమారుగా దాని వెడల్పంతే ఉంటుంది, అది పైనా కిందా రెండుసార్లు కలుస్తుంది.

26 × 1¼ టైరు వెడల్పు 32, రిమ్ము 597. కలిపితే 661.
26 × 1⅜ టైరు వెడల్పు 35, రిమ్ము 590. కలిపితే 660.
26 × 1½ టైరు వెడల్పు 38, రిమ్ము 584. మళ్లీ 660.
26 × 1¾ టైరు వెడల్పు 44, రిమ్ము 571. మొత్తం 659.
26 × 2.0 టైరు వెడల్పు 50, రిమ్ము 559. ఇదీ 659.

ఐదూ నిజంగా 26 అంగుళాలే. ఒక్కదానికి ఇంకోదాని రిమ్ము పనికిరాదు. ఈ లెక్క ఒక్కసారి చేతితో వేసుకుంటే అంగుళాల పేరు చూసి టైరు ఎందుకు కొనకూడదో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత కాలంలో అదే రిమ్ముకి రకరకాల మందంలో టైర్లు చేశారు, పేరు మాత్రం మార్చలేదు. ఇప్పుడు 559 రిమ్ముకి ఒక అంగుళం సన్న టైరు వేసినా 26 అనే అంటారు, బయటి కొలత 24 అంగుళాలకి దిగిపోయినా సరే. అంటే ఇవాళ్టి 26 దేని కొలతా కాదు, రిమ్ము ఏ కుటుంబానిదో చెప్పే పేరు.

ఈ ఐదింటిలో ఎక్కువగా ఎదురయ్యేది 559. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ లావు బెలూన్ టైర్ల సైకిలు తెచ్చింది, టైరు సైజు 26 × 2.125. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు అలాంటి పాత సైకిళ్లని కొండదారుల్లో తోలడం మొదలుపెట్టారు. మౌంటెన్ బైకు అక్కడినుంచే వచ్చింది కాబట్టి ఆ చక్రం కొలత కూడా దానితోనే ప్రపంచమంతా తిరిగింది.

భిన్నమా, దశాంశమా?

మూడంకెల కొలత కనిపించకపోతే, అంగుళాల అంకె ఎలా రాశారో చూడండి. 1.75 అని చుక్క పెట్టి రాశారా, 1¾ అని భిన్నంగా రాశారా? లెక్కలో రెండూ ఒకటే, సైకిలు టైర్లలో మాత్రం కాదు. 26 × 1.75 టైరు 559 రిమ్ముది, 26 × 1¾ టైరు 571 రిమ్ముది. మధ్యలో 12 మిల్లీమీటర్లు. టైరు కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే రెంటినీ ఒకటిగా చదవడం చాలా సహజం.

28 దగ్గర కూడా ఇలాగే. 28 × 1½ అంటే 635 రిమ్ము, నిటారు హ్యాండిలుతో రాడ్ బ్రేకులుండే పాతకాలపు బరువు సైకిళ్లది. 28 × 1.75 అంటే 622 రిమ్ము. 20లో చుక్క రాత అయితే సాధారణంగా 406, 20 × 1⅜ అయితే 451. పదహారులో మామూలు పిల్లల సైకిలుది 305, 16 × 1⅜ అయితే కొన్ని మడత సైకిళ్లకి వచ్చే 349. 24లో 24 × 1.75 అంటే 507. 24 × 1⅜ అంటే 540, ఇది చక్రాల కుర్చీలకి ఎక్కువగా వాడతారు.

కాబట్టి స్థూలంగా గుర్తుపెట్టుకోవాల్సింది: చుక్క ఉన్నది చుక్క ఉన్నదానితో, భిన్నం ఉన్నది సరిగ్గా అదే భిన్నంతో. భిన్నాన్ని చుక్కలోకి మార్చుకుని కొనొద్దు. పాత టైరు మీద 1⅜ ఉంటే కొత్తదాని మీద 1.375 కాదు, 1⅜ అనే వెతకండి. ఆ తర్వాత కూడా మూడంకెలు చూసే డబ్బు కట్టండి.

28 × 1⅝ × 1⅜ అని మూడు ముక్కలుగా రాసినదొకటి కనబడుతుంది. కంగారు పడకండి. మొదటిది బయటి వ్యాసం, రెండోది టైరు ఎత్తు, చివరిది వెడల్పు. ఇది 37-622, మామూలు 700సి రిమ్ముకి వచ్చేదే. భిన్నాలతో రాసినా 635కి పట్టదు.

700సిలో ఆ సి ఏమిటి

ఇది ఫ్రెంచివాళ్ల పద్ధతి. వాళ్లు బయటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెప్పి, టైరు లావుని అక్షరంతో గుర్తించారు. ఏ అంటే సన్నది, బి అంటే కొంచెం లావు, సి అంటే ఇంకా లావు. బయటి కొలత 700 దగ్గరే ఉండాలి కాబట్టి లావు పెరిగే కొద్దీ రిమ్ము చిన్నదవుతుంది: 700ఏ రిమ్ము 642, 700బి 635, 700సి 622. ఇప్పుడు ఆ లావు సంగతి పోయి అక్షరం మాత్రం మిగిలింది. రేసింగు సైకిలుకి వేసే 700 × 23సి టైరు బయటి కొలత 668 మాత్రమే, 700 ఎక్కడా లేదు. అయినా పేరు 700సి.

650లోనూ ఇంతే. 650ఏ 590, 650బి 584, 650సి 571. ఈ అంకెలు పైన 26ల లెక్కలో చూసినవే. 650బి, 26 × 1½ ఒకే రిమ్ముకి రెండు దేశాలు పెట్టుకున్న పేర్లు.

మరి 27.5, 29? కొత్తగా వినబడతాయి గానీ రిమ్ములు పాతవే. 622 రిమ్ముకి 57 మిల్లీమీటర్ల లావు టైరు వేసి లెక్కకట్టండి: 736 మిల్లీమీటర్లు, అంటే 29 అంగుళాలు. 584కి అదే టైరు వేస్తే 698, అంటే 27.5. మౌంటెన్ బైకుల వాళ్లు అలా కొలిచి కొత్త పేర్లు పెట్టారు. 29 అని రాసున్న టైరు, 700సి అని రాసున్న టైరు, 28 × 1.75 అని రాసున్న టైరు మూడూ 622కే పడతాయి. 29 టైరు 28 రిమ్ముకి ఎలా పడుతుందని అడిగేవాళ్లకి జవాబు ఇదే. పట్టడం వేరు, మీ ఫ్రేములో తిరగడానికి చోటు ఉండటం వేరు. ఆ రెండో సంగతి కిందకి వస్తుంది.

ఇంకో రకం ఉంది, ట్యూబులర్ టైరు. ట్యూబు చుట్టూ టైరుని కుట్టేసి, రిమ్ము మీద జిగురుతో అంటిస్తారు. దాని మీద 28 అనో 700 అనో ఉన్నా మామూలు రిమ్ముకి పనికిరాదు. రేసింగు సైకిలు పాతది కొంటుంటే రిమ్ముకి పైకి లేచిన అంచులున్నాయో లేదో చూడండి. అంచులు లేకుండా కాస్త గుంట తీరినట్టుంటే అది ట్యూబులర్‌ది.

అంకెలు చెరిగిపోతే రిమ్ముని కొలవండి

టైరు సైడు భాగం ఎండకి పగిలి రాత పోయిందనుకోండి, లేదా టైరే లేని చక్రం చేతికొచ్చిందనుకోండి. ముందు రిమ్ము మీద వెతకండి. చాలా రిమ్ములకి స్టిక్కరు మీదో, లోహం మీద చెక్కో 622 × 19 లాంటి గుర్తు ఉంటుంది. ఇక్కడ క్రమం తిరగబడుతుంది: ముందు వ్యాసం, తర్వాత రిమ్ము లోపలి వెడల్పు. 19 చూసి సన్న టైరే పడుతుందనుకోకండి, అది రిమ్ము కొలత, టైరుది కాదు.

అదీ లేకపోతే కొలవాలి. ఇక్కడ తొందరపడితే తప్పుడు కొలత ఖాయం. చాలామంది చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుకి టేపు పెడతారు. దీనిలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, మధ్యలో ఇరుసు అడ్డొచ్చి టేపు సరిగ్గా కేంద్రం మీదుగా పోదు, పక్కనుంచి పోతే కొలత తగ్గుతుంది. రెండోది ఇంకా మోసకారి. మీరు కొలిచింది రిమ్ము అంచు పైభాగం. టైరు కూర్చునే చోటు దానికంటే కిందకి, ఒక్కో పక్కా సుమారు 6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. రెండు పక్కలా కలిపి 12.

ఆ 12 ఏం చేస్తుందో చూడండి. 622 రిమ్ముని అంచు నుంచి అంచుకి కొలిస్తే 634 దాకా వస్తుంది. చూడగానే 635 అనిపిస్తుంది, 28 × 1½ టైరు కొనేస్తారు. 559 రిమ్ము కొలిస్తే సరిగ్గా 571 వస్తుంది. 571 రిమ్ము కొలిస్తే 583, అంటే 584 అనుకుంటారు. మూడు చోట్లా తప్పు కొలత ఇంకో నిజమైన సైజు మీద పడుతోంది! అందుకే కొలిచినవాళ్లు తమ కొలత సరైనదేనని గట్టిగా నమ్ముతారు.

సరైన కొలతకి రెండు దార్లున్నాయి.

మొదటిది గోడ దగ్గర. టైరు, ట్యూబు తీసేసిన చక్రాన్ని గోడకి ఆనించి నేల మీద నిలబెట్టండి. పైన ఒక గట్టి అట్ట పుస్తకాన్ని గోడకి అంటేలా, బల్లపరుపుగా, రిమ్ము మీద ఆనేలా పెట్టి, పుస్తకం అడుగున గోడ మీద పెన్సిల్ గీత గీయండి. నేల నుంచి ఆ గీతకి కొలిస్తే రిమ్ము బయటి వ్యాసం. ఇప్పుడు చిన్న స్కేలుతో రిమ్ము అంచు పైనుంచి లోపల టైరు ఆనే గట్టు దాకా లోతు కొలవండి. మధ్యలో ఉండే లోతైన కాలువ కాదు, అంచుని ఆనుకుని రెండు పక్కలా ఉండే సన్నని మెట్టు. ఆ లోతుని రెట్టింపు చేసి బయటి వ్యాసంలోంచి తీసేయండి.

రెండోది, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది, చుట్టుకొలత. సాగని సన్నటి తీగ ఒకటి తీసుకుని, ఆ మెట్టు మీద చుట్టూ పరిచి, కలిసే చోట గుర్తు పెట్టి, విప్పి చాపి కొలవండి. తీగ మధ్య కాలువలోకి జారకుండా నాలుగైదు చోట్ల టేపు ముక్కలు అంటించుకుంటే పని సులువు. లావు తాడు వాడకండి. తాడు ఒక మిల్లీమీటరు లావుంటే చుట్టుకొలత 3 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. వచ్చిన కొలతని 3.1416తో భాగిస్తే వ్యాసం. భాగహారం కూడా వద్దనుకుంటే, మీకు వచ్చిన చుట్టుకొలతకి దగ్గరున్నది ఇందులో చూసుకోండి:

1995 అయితే 635
1979 అయితే 630
1954 అయితే 622
1876 అయితే 597
1854 అయితే 590
1835 అయితే 584
1794 అయితే 571
1756 అయితే 559
1696 అయితే 540
1593 అయితే 507
1417 అయితే 451
1275 అయితే 406
1096 అయితే 349
958 అయితే 305

వ్యాసంలో 5 మిల్లీమీటర్ల తేడా చుట్టుకొలతలో 16 అవుతుంది. అందుకే ఈ పద్ధతిలో చెయ్యి కొంచెం వణికినా పక్క సైజులోకి జారిపోము.

వెడల్పు ఎంతవరకు మార్చుకోవచ్చు

మూడంకెలు కుదిరాక మొదటి అంకె దగ్గరికి రండి. ఇక్కడ మీకు స్వేచ్ఛ ఉంది. గతుకుల దారుల్లో ఎక్కువ తిరిగేవాళ్లు 32 బదులు 40 వేసుకుంటే నడుము సుఖపడుతుంది. హద్దులు రెండే: రిమ్ము, ఫ్రేము.

రిమ్ము లోపలి వెడల్పుకి ఒకటిన్నర రెట్ల నుంచి రెండున్నర రెట్ల వరకు టైరు వెడల్పు ఉండటం భద్రమైన లెక్క. 19 రిమ్ముకి 28 నుంచి 48 దాకా. మరీ సన్న రిమ్ముకి మరీ లావు టైరు వేస్తే మలుపుల్లో టైరు పక్కకి ఒరుగుతుంది. రిమ్ము వెడల్పుగా ఉండి టైరు సన్నగా ఉంటే గుంటలో పడ్డప్పుడు దెబ్బ రిమ్ము అంచుకే తగులుతుంది.

ఫ్రేము దగ్గర చూడాల్సిన చోట్లు: వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టాల మధ్య, ముందు ఫోర్కు పైభాగం కింద, బ్రేకుల మధ్య, మడ్‌గార్డు లోపల. ప్రస్తుతం ఉన్న టైరుకీ వీటికీ మధ్య ఎంత సందు ఉందో స్కేలుతో చూడండి. కొత్త టైరు వేశాక ప్రతి చోటా కనీసం 5 మిల్లీమీటర్లు మిగలాలి, మడ్‌గార్డు ఉంటే ఇంకొంచెం ఎక్కువే ఉంచండి. బురద, చిన్న రాయి అందులో ఇరుక్కుంటే చక్రం హఠాత్తుగా ఆగిపోతుంది. లావు పెరిగితే ఎత్తూ పెరుగుతుందని మరచిపోవద్దు. 32 నుంచి 40కి వెళ్తే ఒక్కో పక్కకి 4 పెరుగుతుంది, పైకి మాత్రం 8 పెరుగుతుంది.

టైరు మీద రాసిన వెడల్పు కూడా నామమాత్రమే. అదే 40 టైరు సన్న రిమ్ము మీద 38లా, వెడల్పు రిమ్ము మీద 42లా కూర్చోవచ్చు. రిమ్ము లోపల 5 మిల్లీమీటర్లు వెడల్పయితే టైరు సుమారు 2 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. సందు అంతంతమాత్రంగా ఉన్నచోట ఇది గుర్తుంచుకోండి.

ట్యూబు, వాల్వు

ట్యూబు సాగుతుంది కాబట్టి దానికి అంత పట్టింపు లేదు. పెట్టె మీద 28/47-622/635 లాంటి రాత ఉంటుంది: టైరు వెడల్పు 28 నుంచి 47 వరకు, వ్యాసం 622 నుంచి 635 వరకు ఇది నడుస్తుందని. మీ టైరు రెండు అంకెలూ ఆ మధ్యలో ఉంటే చాలు. మరీ చిన్న ట్యూబుని పెద్ద టైరులో సాగదీస్తే పల్చబడి తొందరగా పంక్చరవుతుంది, పెద్దదాన్ని చిన్న టైరులో కుక్కితే మడతపడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది.

వాల్వు మాత్రం రిమ్ము బెజ్జానికి సరిపోవాలి. మోటారుసైకిలుకి ఉండేలాంటి లావు ష్రేడర్ వాల్వుకి బెజ్జం 8 మిల్లీమీటర్లకి పైన ఉండాలి, సన్నటి ప్రెస్టాకి 6 దాటితే చాలు. సన్న బెజ్జంలో లావు వాల్వు దూరదు. లావు బెజ్జంలో సన్న వాల్వు వేస్తే కదిలి, మొదలు దగ్గర కోసుకుపోతుంది, దానికి చిన్న రబ్బరు బుష్ వేయాలి.

మిగిలిన రాతలు

గాలి పీడనం పీఎస్‌ఐలో, బార్‌లో, కొన్నిసార్లు కిలోపాస్కల్‌లో ఉంటుంది. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, 100 కిలోపాస్కల్. టైరు మీదున్న పెద్ద అంకె దాటకూడని హద్దు. రోజూ అంత కొట్టమని దాని అర్థం కాదు. రిమ్ము మీద కూడా హద్దు రాసి ఉంటే రెంటిలో తక్కువున్నదే మీకు హద్దు. టైరు లావు పెరిగే కొద్దీ తక్కువ గాలి సరిపోతుంది.

కొత్త రిమ్ముల్లో హుక్‌లెస్ రకం వస్తోంది. మామూలు రిమ్ము అంచుకి లోపలి వైపు చిన్న కొక్కెం ఉండి బీడ్‌ని పట్టుకుంటుంది, వీటికి అది ఉండదు. ఇలాంటి రిమ్ముకి వేసే టైరు హుక్‌లెస్‌కి పనికొస్తుందని టైరు తయారీదారు స్పష్టంగా చెప్పి ఉండాలి. గాలి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్‌ఐ దాటకూడదు. మూడంకెలు కలిసినా సరే, ఈ రెండు షరతుల్లో రాజీ పడొద్దు.

ట్యూబ్‌లెస్ రెడీ అని ఉన్న టైరుని ట్యూబుతో కూడా వాడుకోవచ్చు. మామూలు టైరుని మాత్రం ట్యూబు లేకుండా నడపకండి. టీపీఐ అనేది టైరు బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చెబుతుంది, సైజుతో సంబంధం లేదు. బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకి తిరిగే దిక్కుకి అది చూపించాలి.

ఎక్కించాక చూడాల్సింది

సైజు సరైనదైనా చివరి గుప్పెడు అంచు మొండికేయడం మామూలే. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే ట్యూబు చిరుగుతుంది. వాల్వుకి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి, ఇప్పటికే ఎక్కిన రెండు అంచులనీ రిమ్ము మధ్య కాలువలోకి నొక్కుకుంటూ రండి. అక్కడ వ్యాసం తక్కువ కాబట్టి ఇవతల వైపు సడలు దొరుకుతుంది.

టైరు సైడున రిమ్ముకి కాస్త పైన సన్నటి గీత ఒకటి చుట్టూ అచ్చు పోసి ఉంటుంది. కొంచెం గాలి కొట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఆ గీత చూడండి. రెండు పక్కలా, చుట్టూతా, రిమ్ము నుంచి సమాన దూరంలో ఉండాలి. ఒకచోట రిమ్ములోకి దిగిపోతే గాలి తీసి, ఆ చోట చేత్తో లాగి సర్ది, మళ్లీ కొట్టండి. ఎన్నిసార్లు సర్దినా ఒకచోట పైకే లేస్తుంటే ఎక్కువ గాలి కొట్టి చూద్దామనుకోకండి, మూడంకెలు మళ్లీ సరిచూడండి. గీత సరిగ్గా కూర్చున్నాకే పూర్తి గాలి నింపాలి.

సైకిలుకి వేగం, దూరం చూపించే మీటరు ఉంటే, వెడల్పు మార్చినప్పుడు దాని సెట్టింగు కూడా మార్చాలి. నేల మీద వాల్వు కిందకి ఉన్నచోట సుద్దతో గీత గీసి, సైకిలు మీద కూర్చుని చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా ముందుకి జరిపి, వాల్వు మళ్లీ కిందకి వచ్చినచోట ఇంకో గీత గీయండి. రెండు గీతల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో మీటరులో పెట్టండి.